ఐర్లండ్‌లో నాయకుల ఖర్చుల మీద జనానికి అంత కోపం ఎందుకు? డబ్లిన్‌లో ఖర్చుల క్లెయిములు చూసినవాడిగా నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు డబ్లిన్ వచ్చి ఏడాది అయింది. లంచ్ టైమ్‌లో టీడీల (అంటే ఇక్కడి ఎంపీల) అలవెన్సుల మాట వస్తే ఆఫీసులో ఐరిష్ వాళ్ల మొహాలు ఎర్రబడిపోతున్నాయి. మూడు లక్షల యూరోలకి పైగా పెట్టి పార్లమెంటు దగ్గర కట్టిన ఆ సైకిల్ షెడ్డు సంగతి ఇప్పటికీ వదలడం లేదు. మన దగ్గర వినే వందల కోట్లతో పోలిస్తే ఇవి చిల్లర లెక్కలే కదా, మరి ఇంత కోపం దేనికి అని అడిగారు.

సూటిగా చెప్తాను. డబ్బు ఎంత అనేదానికన్నా, ఆ డబ్బుకి రసీదు అడిగేవాళ్లు లేరనేదే వాళ్ల కోపానికి అసలు కారణం. మామూలు ఉద్యోగి పార్కింగ్‌కి పెట్టిన మూడు యూరోలు వెనక్కి తీసుకోవాలన్నా బిల్లు అతికించి సంతకం పెట్టించుకోవాలి. చట్టాలు చేసేవాళ్లకి మాత్రం ఏళ్ల తరబడి ఆ నియమమే లేదు. పట్టుబడ్డప్పుడల్లా వచ్చే జవాబు కూడా ఒక్కటే, అంతా రూల్స్ ప్రకారమే జరిగింది అని. ఆ రూల్స్ రాసుకుంది ఎవరు అని జనం అడుగుతారు. నాకూ ఆ కోపం ఉంది, దాచుకోను.

నేను 2005లో గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చాను, అప్పటినుంచీ అకౌంట్స్ పనే. మొదటి ఆరేడేళ్లు ఒక మధ్యరకం కంపెనీలో పేరోల్, సిబ్బంది ఖర్చుల క్లెయిములు చూశాను. నెలాఖరుకి నా టేబుల్ మీద ఏ4 కాగితాల కట్ట చేరేది. ఒక్కో కాగితం మీద సెల్లోటేపుతో అతికించిన చిన్నచిన్న రసీదులు: టోల్‌గేటు, పార్కింగ్ మెషీన్, పెట్రోల్ బంకులో కొన్న శాండ్‌విచ్. పార్కింగ్ రసీదులు థర్మల్ పేపర్ మీద వస్తాయి, కారు డ్యాష్‌బోర్డు మీద నాలుగు రోజులు ఎండ తగిలితే అక్షరాలు చెరిగిపోతాయి. గాల్వే వైపు తిరిగే ఒక సేల్స్ ఆయన ఒకసారి అలాంటివి పదకొండు తెచ్చాడు. లైటు కింద పెట్టి ఏటవాలుగా చూస్తే తేదీ మాత్రం లీలగా కనిపిస్తోంది, ఎంత కట్టాడో కనపడట్లేదు. మా మేనేజర్ ఒప్పుకోలేదు. అంతా కలిపి నలభై చిల్లర యూరోలు. ఆ మాట ఆ సేల్స్ ఆయనకి నేనే వెళ్లి చెప్పాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు, కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది 2009 సెప్టెంబర్.

ఆ తేదీ ఎందుకు చెప్తున్నానంటే, సరిగ్గా అప్పుడే పేపర్ల నిండా జాన్ ఓ'డొనహ్యూ గారి ఖర్చులు. ఆయన అప్పటికి డాల్ (దిగువ సభ) స్పీకర్. అంతకుముందు 2002 నుంచి 2007 దాకా కళలు, క్రీడలు, పర్యాటక శాఖ మంత్రి. మంత్రిగా చేసిన విదేశీ పర్యటనల బిల్లులను సండే ట్రిబ్యూన్ పత్రిక విలేకరి కెన్ ఫాక్స్ సమాచార హక్కు చట్టం కింద అడిగి బయటపెట్టాడు. కాన్ ఫిల్మ్ ఫెస్టివల్, గుర్రప్పందేలు, ఖరీదైన హోటళ్లు, అన్నిచోట్లా కార్లు. వాటన్నిటిలో జనం నోట నిలిచిపోయింది ఒకే ఒక్క అంకె: లండన్ హీత్రో ఎయిర్‌పోర్టులో ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి వెళ్లడానికి కారుకి 472 యూరోలు.

ఇప్పుడు ఆ రోజులు ఎలాంటివో చూడండి. 2008 సెప్టెంబర్ చివర్లో ప్రభుత్వం బ్యాంకుల అప్పులన్నిటికీ పూచీ పడింది. రెండు వారాల్లో బడ్జెట్ పెట్టి, 70 ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఉన్న ఉచిత మెడికల్ కార్డు తీసేస్తామన్నారు. ముసలివాళ్లు చేతికర్రలు పట్టుకుని పార్లమెంటు ముందుకొచ్చి ధర్నా చేశారు, ఆ దృశ్యం నేను కళ్లారా చూశాను. 2009 మొదట్లో ప్రభుత్వ ఉద్యోగుల మీద పెన్షన్ లెవీ పడింది. నర్సులు, టీచర్ల చేతికొచ్చే జీతం ఒక్క నెలలో తగ్గిపోయింది. నిర్మాణ రంగం కుప్పకూలి నిరుద్యోగం నూటికి 12 దాటింది. నా దగ్గర రసీదులు అతికించిన వాళ్లలో సగం మందికి ఆ ఏడాదిలోనే రిడండెన్సీ (ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే పరిహారం) లెక్కలు కూడా నేనే వేశాను. అలాంటి సమయంలో ఆ 472 అంకెను వాళ్లు మామూలు వార్తలా చదవలేకపోయారు. వంద కోట్ల యూరోలంటే ఎవరికీ ఊహకి అందదు. 472 యూరోలు అందరికీ తెలుసు, అది రెండు వారాల నిరుద్యోగ భృతికి కాస్త ఎక్కువ.

ఓ'డొనహ్యూ గారు సభ్యులకి ఉత్తరం రాసి క్షమాపణ చెప్పారు, ఏర్పాట్లన్నీ అధికారులే చేశారు, ఖరీదు తనకు తెలియదన్నారు. 2009 అక్టోబర్ 6న లేబర్ పార్టీ నాయకుడు ఎమన్ గిల్మోర్ సభలోనే లేచి, మీరు తప్పుకోవాలి, లేదంటే తప్పించాలి అని చెప్పారు. ఆ రాత్రికే రాజీనామా ప్రకటన వచ్చింది. పదవి దిగేటప్పుడు కూడా ఏ నియమమూ మీరలేదన్నదే ఆయన వాదన. మీకు అర్థం కావాల్సిన ముక్క ఇదే: ఆయన చెప్పింది బహుశా నిజమే. నియమాలు అంత వదులుగా ఉన్నాయి కాబట్టి మీరాల్సిన అవసరమే రాలేదు. నా వృత్తిలో ఉన్నవాళ్లకి ఈ మాట చాలా బాధ కలిగిస్తుంది. మోసం జరిగితే కనీసం పట్టుకోవచ్చు. నియమమే అడ్డం పెట్టనప్పుడు ఆడిటర్ చేతికి ఏమీ దొరకదు.

దానికి ఏడాది ముందే ఫాస్ వ్యవహారం జరిగింది. ఫాస్ అంటే నిరుద్యోగులకి శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ. అందులోని పెద్దలు అమెరికా ప్రయాణాలకే నాలుగేళ్లలో 6,43,000 యూరోలు ఖర్చు పెట్టారని 2008 నవంబర్‌లో బయటపడింది. ఫ్లోరిడాలో ఒక సెలూన్ బిల్లు 410 డాలర్లు, అప్పటి ఉపప్రధాని మేరీ హార్నీ గారి బృందం వెళ్లిన పర్యటనలోది, అందులో ఉంది. సంస్థ అధిపతి రోడీ మొలోయ్ రేడియోలో మాట్లాడుతూ ఫస్ట్ క్లాస్‌లో వెళ్లే అర్హత తనకుందన్నారు, కొద్ది రోజుల్లోనే రాజీనామా చేశారు. అర్హత అనే మాట ఆనాటినుంచి ఇక్కడ తిట్టులా మారింది. మీ ఆఫీసులో ఎవరైనా ‘ఎన్‌టైటిల్డ్’ అని పళ్లు కొరుకుతూ అంటే దాని వెనక ఇదంతా ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే చార్లెస్ హాహీ. ఆయన మూడుసార్లు ప్రధాని. 1980 జనవరిలో టీవీలోకి వచ్చి దేశం తాహతుకి మించి బతుకుతోంది, పొదుపు చేయాలి అని చెప్పారు. ఆ రోజుల్లోనే ఆయన ఇంటి ఖర్చులు వ్యాపారస్తులు భరించేవారు. నాయకులకి ముట్టిన డబ్బు మీద విచారణ జరిపిన మోరియార్టీ ట్రిబ్యునల్ 2006 డిసెంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1979 నుంచి 1996 మధ్య ఆయనకి ముట్టింది 91 లక్షల ఐరిష్ పౌండ్లకి పైనే. కానీ ఏ ఐరిష్ పెద్దావిడనైనా అడగండి, ఆ 91 లక్షలు గుర్తుండవు. పార్టీ నాయకుడి అలవెన్సుగా వచ్చిన ప్రజల డబ్బుతో ప్యారిస్‌లో చార్వే దుకాణం షర్టులు కుట్టించుకున్నాడు, అది మాత్రం చెప్తుంది.

సరే, తర్వాత ఏం మారింది అంటారా. మారింది, అది ఒప్పుకోవాలి. 2010 మార్చి నుంచి పాత అలవెన్సులన్నీ తీసేసి రెండే పెట్టారు.

మొదటిది ప్రయాణం, బస అలవెన్స్. టీడీ ఇల్లు పార్లమెంటుకి ఎంత దూరమో దాన్నిబట్టి శ్లాబు. 2013లో తగ్గించాక డబ్లిన్ చుట్టుపక్కల 25 కిలోమీటర్లలోపు వాళ్లకి ఏడాదికి 9,000 యూరోలు, 360 కిలోమీటర్లు దాటినవాళ్లకి 34,065. దీనికి పన్ను లేదు. ఏడాదిలో 120 రోజులు హాజరు చూపాలి, తగ్గిన ప్రతి రోజుకీ ఒక శాతం కోత. హాజరుకి ఆఫీసుల్లో మనం వాడే లాంటి ఫోబ్ ఉంటుంది. రెండోది ప్రజా ప్రాతినిధ్య అలవెన్స్, అంటే ఆఫీసు అద్దె, ఫోన్లు, కరపత్రాలు. మొదట్లో ఇక్కడ రెండు దారులిచ్చారు: బిల్లులు చూపించనంటే 15,000, చూపిస్తానంటే 25,700 దాకా. ఒక అకౌంటెంట్‌గా ఆ మొదటి దారి చూసి నేను నమ్మలేకపోయాను. నేను పని చేసిన ఏ కంపెనీలోనూ బిల్లు చూపించనివాడికి డబ్బులిచ్చే కాలమ్ లేదు. 2013 నుంచి అది ఎత్తేశారు, ఇప్పుడు బిల్లులు తప్పనిసరి, టీడీకి గరిష్ఠం 20,350, ఏటా పదో వంతు మందిని లాటరీ తీసి ఆడిట్ చేస్తారు.

నా అభిప్రాయంలో అసలు లోపం మొదటిదాంట్లో ఇంకా ఉంది. అది శ్లాబు ప్రకారం ఇచ్చే మొత్తం, పెట్రోలు బిల్లు, హోటల్ బిల్లు ఎవరూ అడగరు. ఫోబ్ కూడా మనిషి ఆ భవనంలోకి వచ్చాడని మాత్రమే చెప్తుంది, సభలో ఎంతసేపు కూర్చున్నాడో చెప్పదు. కార్క్ టీడీ డారా మర్ఫీ 2017లో బ్రస్సెల్స్‌లో యూరోపియన్ పీపుల్స్ పార్టీ దగ్గర ఉద్యోగంలో చేరారు. టీడీ పదవి వదల్లేదు, జీతం, అలవెన్సులు వస్తూనే ఉన్నాయి. 2019 డిసెంబర్‌లో గొడవ ముదిరాక రాజీనామా చేశారు. రెండు నెలల ముందే ఓటింగు బటన్ల గొడవ జరిగింది, సభలో లేని సభ్యుడి తరఫున పక్క సభ్యుడు బటన్ నొక్కాడు. రెండూ కలిసేసరికి హాజరు అన్న మాట మీదే జనానికి నమ్మకం పోయింది.

ఇంకో సంగతి ఈ వృత్తిలో లేనివాళ్లు గమనించరు. ఇక్కడి పన్ను చట్టంలో ఇంటినుంచి ఆఫీసుకి వెళ్లే ప్రయాణం మీ సొంత ఖర్చు. కంపెనీ దానికి డబ్బులిస్తే జీతంతో కలిపి పన్ను వేస్తారు. మిగతా మైలేజీకి ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ పని మీద, ఎన్ని కిలోమీటర్లు అని రాసి ఆ కాగితాలు ఆరేళ్లు దాచాలి. రోజూ నవన్ నుంచి గంటన్నర బస్సులో వచ్చే మా ఆఫీసు రిసెప్షనిస్టుకి టిక్కెట్టు డబ్బులు ఎవరూ వెనక్కివ్వరు. టీడీకి ఇంటినుంచి పార్లమెంటుకి రావడానికే అలవెన్స్. ఆవిడ కోపంలో న్యాయం లేదని నేను అనలేను.

రూల్ ఉన్నా దాటినవాళ్లూ ఉన్నారు. ఐవర్ క్యాలెలీ అని ఒకాయన సెనేటర్ (ఎగువ సభ సభ్యుడు), డబ్లిన్‌లో క్లాంటార్ఫ్ ఆయన ఊరు. 2007 తర్వాత వెస్ట్ కార్క్‌లో కిల్‌క్రోహాన్ అనే దూరపు పల్లెలో ఉన్న ఇంటినుంచి వస్తున్నట్టు చూపి 80 వేల యూరోలకు పైగా తీసుకున్నారు. 2010లో సెనేట్ కమిటీ ఇది నివాసాన్ని తప్పుగా చూపడమే అని తేల్చి 20 రోజులు జీతం లేకుండా సస్పెండ్ చేసింది. ఆయన హైకోర్టులో గెలిచారు, 2014లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కానీ ఆయన జైలుకి వెళ్లింది ఆ 80 వేల గురించి కాదు. మొబైల్ ఫోన్ల పేరు మీద దొంగ ఇన్‌వాయిస్‌లు పెట్టి 4,207 యూరోలు తీసుకున్న కేసులో, 2014 జులైలో ఐదు నెలల శిక్ష పడింది. ఎందుకో ఆలోచించండి. ఫోన్ల పథకంలో కాగితం అడిగారు, దొంగ కాగితం చేతికి దొరికింది, కేసు నిలబడింది. నేను కొత్తగా చేరిన పిల్లలకి ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చెప్తాను.

ఇక్కడ మీకు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి, ఎందుకంటే ఈ కోపం ప్రతిసారీ సరైన చోట తగలదు.

పేపర్లో ‘అత్యధికంగా తీసుకున్న టీడీలు’ అని జాబితా వస్తే పైన ఉండేది ఎప్పుడూ కెర్రీ, డోనెగల్ వాళ్లే. దూరం ఎక్కువ కాబట్టి శ్లాబు ఎక్కువ, అంతే. దాన్ని చూసి దొంగలనేస్తే తప్పు. మా పెద్దవాడికి స్కూల్లో సీటు దొరక్క నేను ఒకసారి మా నియోజకవర్గం టీడీ దగ్గరికి వెళ్లాను. పారిష్ హాల్ వెనక చిన్న గది, ప్లాస్టిక్ కుర్చీలు, నాకు ముందు పదిమంది. మెడికల్ కార్డు రాని ముసలాయన, ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు పట్టుకున్న బ్రెజిల్ అమ్మాయి. ఆ టీడీ ఒక్కొక్కరి సంగతి నోటుబుక్కులో రాసుకుంది, నాకు ఓటు లేదని తెలిసి కూడా పది రోజుల్లో ఉత్తరం పంపింది. ఆ గది అద్దె, ఆ ఉత్తరం ఖర్చు అలవెన్సులోదే. అది తీసేస్తే సొంత డబ్బున్నవాళ్లే రాజకీయాల్లో మిగులుతారు.

ఈ కోపాన్ని వాడుకోవాలని చూసేవాళ్లూ ఉంటారు. 2013లో ప్రధాని ఎండా కెన్నీ సెనేట్‌ని రద్దు చేస్తే ఏటా 2 కోట్ల యూరోలు మిగులుతాయని ప్రచారం చేశారు. అక్టోబర్ 4న రెఫరెండంలో జనం 51.7 శాతంతో రద్దు వద్దన్నారు. ఖర్చుల మీద మండిపడే మా ఆఫీసు వాళ్లే చాలామంది వెళ్లి వద్దని ఓటేశారు. వాళ్లు అడిగింది లెక్క చెప్పమని, సభనే మూసేయమని కాదు.

సైకిల్ షెడ్డు కూడా వేరే సంగతి. 2024లో బయటపడ్డ ఆ 3,36,000 యూరోల షెడ్డు టీడీలు క్లెయిమ్ చేసింది కాదు, ప్రభుత్వ భవనాల సంస్థ కట్టించింది. 36 సైకిళ్లు పడతాయి, పక్కనుంచి వాన కొడుతుంది. ప్రభుత్వ కార్యాలయాల దగ్గర సెక్యూరిటీ గదికి 14 లక్షల యూరోలు అయిందని అదే సమయంలో తెలిసింది. టీడీలు కూడా దీన్ని తిట్టారు. కానీ రూము అద్దెకి నెలకి వెయ్యి యూరోలు కట్టి నలుగురితో ఒకే బాత్రూమ్ వాడుకునే కుర్రాడికి ఆ సంస్థ వేరు, ఈ సభ వేరు అని చెప్తే ఏం లాభం? అతను చూసేది తన పన్ను డబ్బు. నేను అతన్నే సమర్థిస్తాను.

మన దగ్గరతో పోలిక గురించి అడిగారు కాబట్టి ఒక మాట. ఇవి చిల్లర లెక్కలు అనుకోవడంలో మనదే ఇబ్బంది అని నాకు అనిపిస్తుంది. వందల కోట్లు విని విని మన చెవులు మొద్దుబారిపోయాయి, దాంతో ఐదు వందల గురించి అడగడం మనకి నామోషీగా ఉంటుంది. ఐదు వందల దగ్గర అడిగితేనే కోట్ల దాకా వెళ్లకుండా ఉంటుందని అకౌంట్స్ పని నాకు నేర్పింది. మీరు మీ కొలీగ్స్ దగ్గర ‘మా దగ్గర ఇంతకన్నా ఎక్కువ’ అని మాత్రం అనకండి. నేను మొదటి ఏడాది అన్నాను, ఎదుటివాళ్ల మొహం చూసి మళ్లీ ఎప్పుడూ అనలేదు.

మీరు చేయగలిగిందీ ఉంది. ప్రతి టీడీకి ఎంత చెల్లించారో పార్లమెంటు వెబ్‌సైట్‌లో నెలనెలా పెడతారు, పేపర్ హెడ్డింగు నమ్మే ముందు అది చూడండి. డాల్ ఎన్నికల్లో మనకి పౌరసత్వం వచ్చేదాకా ఓటు లేదు, కౌన్సిల్ ఎన్నికల్లో మాత్రం ఇక్కడ ఉండే ఎవరికైనా ఉంది, నమోదు చేసుకోండి. సమాచార హక్కు కింద అడగడానికి కూడా పౌరసత్వం అక్కర్లేదు. 2003లో ప్రభుత్వం ఒక్కో దరఖాస్తుకి 15 యూరోలు ఫీజు పెట్టి చాలామందిని వెనక్కి నెట్టింది, 2014 చట్టంతో అది పోయింది. ఇప్పుడు ఈమెయిల్ చాలు, నాలుగు వారాల్లో జవాబివ్వాలి. ఒకటే మెలకువ, ప్రశ్న చిన్నగా ఉండాలి. ‘అన్ని ఖర్చులూ’ అని అడిగితే వెతికే ఖర్చు మీ మీద వేయొచ్చు.

నేను కొన్నేళ్ల కిందట మా కౌన్సిల్‌ని ఒక ఏడాదికి సంబంధించి కౌన్సిలర్లు వెళ్లిన సదస్సుల జాబితా అడిగాను. ఇరవై ఆరో రోజున ఎక్సెల్ షీటు వచ్చింది. పేరు, ఊరు, తేదీ, మొత్తం, చివరి కాలమ్‌లో రసీదు ఉందా లేదా. రెండు వరుసల్లో ‘లేదు’ అని ఉంది, ఆ రెండిటి గురించే మళ్లీ రాశాను. డబ్బు వెనక్కి కట్టించుకున్నామని జవాబొచ్చింది. మీకు దేని గురించి తెలుసుకోవాలని ఉందో ఇక్కడే కింద రాయండి, దరఖాస్తు ఎలా రాయాలో నేను చూసిపెడతాను.